అటు తిరిగిన అమ్మ

మృత సముద్రమని కూడా పిలిచే ఉప్పు సముద్రానికి తూర్పున, మోయాబు మెట్టల మీద షెబారు అనే చిన్న ఊరు ఉంది. ఊరికి దక్షిణం వైపు యవల చేలు. అందులో ఒక చేను చివర, రెండు రాతి గోడలు కలిసే మూలలో, నిలువెత్తు బండ మీద చెక్కిన స్త్రీ రూపం కనిపిస్తుంది. యాత్రికులు చూడవచ్చే అమ్మ ఈమే. ఆమె అటు తిరిగి ఉంటుంది. కనిపించేది వీపు, దాని మీద జడ, రెండు పక్కలకీ చాచిన చేతులు, చేతుల మీదుగా పరిచిన పైబట్ట. అంతే.

మన వైపు నుంచి వచ్చే ఆడవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే. "అమ్మ అలిగిందా ఏమిటి, అటు తిరిగింది?" తరువాత చుట్టూ తిరిగి ముఖం చూడబోతారు. చుట్టూ తిరగడానికి దారి లేదు. బండకు అవతల వైపు గోడ. గోడ ఎక్కి తొంగి చూసినా కనిపించేది చెక్కని మొరటు రాయి. ఈ అమ్మకు ముఖం లేదు. చెక్కినవాడికి చేతకాక కాదు. ఎందుకు లేదో చెప్పడానికే ఈ నాలుగు పేజీలు.

గుడి లేదు, గోపురం లేదు, పూజారి అసలే లేడు. చేను గల కుటుంబంలోని ఆడవాళ్లే ఈ స్థలాన్ని చూసుకుంటారు. ఇప్పుడు ఆ బాధ్యత ఉమ్ నిదాల్ అనే రైతుది. కోతలప్పుడు వెళ్తే ఆమె చేలోనే దొరుకుతుంది. మిగతా రోజుల్లో ఊళ్లో ఎవరిని అడిగినా ఇల్లు చూపిస్తారు.

పూర్వం ఇక్కడ ఈ చేను కెజీయా అనే మోయాబు స్త్రీది. భర్త పోయాడు, పిల్లలు లేరు. భర్త వాటా చేను ఆమె చేతిలో ఉంది గానీ, ఉన్నట్టూ లేనట్టూ ఉంది. ఆ ఊరి ఆచారం అలాంటిది. కోత ముగిసే రోజు పొద్దు గుంకేసరికి చేలో ఎక్కడైనా కోయని పైరు నిలబడి ఉంటే, ఆ మనిషికి సేద్యం చేసే సత్తువ లేదని లెక్క. దగ్గరి మగ బంధువు వచ్చి ఆ పైరు పక్కన తన కొడవలి గుచ్చి పెద్దలను పిలిస్తే, వాళ్లు చూసి, చేను అతనిదని తీర్పు చెప్పేవారు. ఈ ఆచారం అందరికీ ఒకటేనని పెద్దలు అనేవారు. మగవాడి చేలో కంకులు మిగిలినప్పుడు మాత్రం వానను తిట్టి ఇంటికి పోయేవారు.

కెజీయాకు హదారు అనే మరిది ఉన్నాడు. ప్రతి కోతకూ అతను కొడవలి నూరుకుని గట్టు మీద షికారు తిరిగేవాడు. కెజీయా ప్రతి ఏడూ గట్టు పక్క గడ్డిపరకతో సహా కోసేసేది. "వదినా, కాస్త నేలనైనా మిగల్చు" అని అతను నవ్వేవాడు. "మిగిలిస్తే నువ్వు మింగుతావుగా నాయనా" అని ఆమె కూడా నవ్వేది. ఇద్దరి నవ్వులోనూ నవ్వు ఉండేది కాదు.

ఆ రోజుల్లో యోర్దానుకు అవతల ఇశ్రాయేలీయుల దేశంలో కరువు వచ్చింది. బేత్లెహేము చుట్టుపక్కల బావులు అడుగంటాయి. ఎన్నో కుటుంబాలు నది దాటి, తమ శత్రుదేశమని చిన్నప్పటి నుంచీ విన్న మోయాబుకే వచ్చాయి. వాటిలో గ్రంథాల్లోకి ఎక్కింది ఏ ఒక్కటో. ఎక్కనివాళ్లకూ ఆకలి అంతే వేసింది. అలా ఎక్కని కుటుంబం ఒకటి షెబారు చేరింది. ఇద్దో అనే రాతిపనివాడు, దారిలో జ్వరం తగిలి నడవలేక నడుస్తున్నాడు. అతని భార్య హొగ్లా. అతని తల్లి సెరహు. ఇద్దరు పసిపిల్లలు.

ఊరి వాకిట్లో వాళ్లను ఎవరూ కూర్చోనివ్వలేదు. వాళ్ల దేవుడు వేరు, మన దేవుడు వేరు అన్నారు. వాళ్ల తాతలు మన తాతలతో యుద్ధం చేశారన్నారు. కెజీయా నీళ్ల కుండతో అటు పోతూ ఆగింది. హొగ్లా అరచేతులు చూసింది. కొడవలి పట్టిన కాయలు వాటిలో ఇంకా ఉన్నాయి.

"కోత వచ్చా?" అని అడిగింది.

"వచ్చమ్మా" అంది హొగ్లా. "మా ఆయన లేచాక గోడలు కూడా కడతాడు."

"నేనేం చేస్తానో అడగవేమే?" అంది వెనకనుంచి సెరహు. "నేను మాట్లాడతానమ్మా. తెల్లవారినప్పటి నుంచి మాట్లాడతాను. నీకు ఇంట్లో ఒంటరితనం ఉంటే పోతుంది."

కెజీయా ఇంట్లో ఒంటరితనం ఉంది. వాళ్లను తీసుకుపోయింది. కోతలయ్యేదాకా ఉండమంది. ఆ తరువాతి మాట ఆ తరువాత. పెద్దలు ఆమెను పిలిచి, పరాయివాళ్లను పెట్టుకుంటే మంచీ చెడ్డా నీదే అన్నారు. "ఎప్పుడు నాది కాలేదు కనుక" అని ఆమె ఇంటికి వచ్చేసింది.

ఇద్దో జ్వరం తగ్గి, చేను చివర కూలిన మూలగోడ కట్టడం మొదలుపెట్టాడు. హొగ్లా కోతలో ముందు నిలబడింది. ఆమె కోస్తుంటే కెజీయాకు ముచ్చటేసేది. కోసి పడేసిన పన సమానంగా పడేది, కంకి రాలేది కాదు. సెరహు పిల్లలను ఆడించేది, బావి దగ్గరికి వెళ్లి ఊరి ఆడవాళ్లందరితోనూ కబుర్లు చెప్పేది. ఇక్కడి మాట ఆమెకు సగమే వచ్చు. మిగతా సగం చేతులతో చెప్పేది.

కోత చివరి రోజు వచ్చింది. కెజీయా కళ్లంలో ఎడ్లతో నూర్పిడి చేయిస్తూ, చేను హొగ్లాకు వదిలేసింది. పొద్దు వాలుతుండగా హొగ్లా పని ముగించి, కొడవలి తుడిచి గట్టు మీద పెట్టింది. గోడలు కలిసే మూలలో ఒక ముక్క కోయకుండా వదిలింది. తప్పు జరుగుతోందని ఆమెకు తట్టలేదు. ఆమె తల్లి, అమ్మమ్మ అందరూ అలాగే వదిలారు. వాళ్ల దేశంలో చేను మూల కోయరు. అది పేదవాళ్లది, పరదేశిది, దిక్కులేని ఆడదానిది. ఎవరైనా వచ్చి తెంపుకుపోవచ్చు. చేతులు వాటి అలవాటు అవి చేసుకుపోయాయి.

గట్టు మీద షికారు తిరుగుతున్న హదారుకు తన కళ్లను తానే నమ్మబుద్ధి కాలేదు. ఆ మూల పక్కన కొడవలి గుచ్చి, పెద్దలను పిలవడానికి పరిగెత్తాడు.

కళ్లానికి ఆ వార్త అందగానే కెజీయా ఎడ్లను అక్కడే వదిలి చేలోకి వచ్చింది. మూల చూసింది. గుచ్చి ఉన్న కొడవలి చూసింది.

"హొగ్లా! ఏమిటే ఇది? చేతులు పడిపోయాయా?"

"మూలమ్మా" అంది హొగ్లా. "మూల కోయం కదా."

"ఎవరు కోయరు?"

"మా ఊళ్లో. అది లేనివాళ్లది."

"ఎవరే ఆ లేనివాళ్లు?"

ఆ ఊళ్లో లేనివాళ్లెవరో అప్పుడే హొగ్లాకు తట్టింది. "మేమే" అంది మెల్లగా. "మా ఊళ్లో నేను వదిలేదాన్నమ్మా. ఇక్కడ ఏరుకునేదాన్ని అయ్యానని మరిచిపోయాను."

ఆచారం సంగతి కెజీయా రెండు ముక్కల్లో చెప్పింది. చేను పోతే ఇల్లు పోతుంది. ఇల్లు పోతే ఆమె మరిది పంచన, వీళ్లు మళ్లీ దారి మీద. హొగ్లా కొడవలి అందుకోబోయింది. "ఉండు, నేను కోస్తాను. నా చేను" అని కెజీయా కొడవలి తీసుకుని మూలలోకి నడిచింది. పొద్దు ఇంకా ఉంది. పెద్దలు ఊరి దగ్గర మలుపు తిరుగుతున్నారు. ముక్క చిన్నది. వాళ్లు వచ్చేలోగా అయిపోతుంది.

మూలలో ఆడవాళ్లు ఉన్నారు.

సెరహు పనే అది. బావి దగ్గర చేతులతోనూ సగం మాటతోనూ, "మా కోడలు మూల వదులుతుంది. మీకు లేకపోతే పోయి తెంపుకోండి. మా దేశంలో అది తప్పు కాదు" అని చెప్పేసింది. ఆ ఏడు మోయాబులోనూ పంట అంతంత మాత్రమే. చాలా ఇళ్లలో పిండి కుండ ఖాళీ అయింది. నమ్మీ నమ్మక, గోడ ఇంకా పూర్తికాని సందులోంచి దూరి, ఒంగి, పరిగె ఏరుకునేవాళ్లలా ఒడి నింపుకుంటున్నారు. వాళ్లలో ఒక ముసలామె తలెత్తి కెజీయాను చూసింది. చూసి, కొంగు ముఖం మీదికి లాక్కుంది.

ఆమె తిమ్నా. హదారు తల్లి. కెజీయాకు స్వయానా అత్త.

కొడుకు ఇంట్లో గరిసె నిండుగా ఉన్న మనిషి, వితంతువు చేలో కంకులు తెంపుకుంటోంది. కొడుకు ముందు తిని, భార్య తిని, మిగిలితే తల్లి తింటుందన్న సంగతి ఊరికి తెలియదు. ఇలాంటి సంగతులు ఊరికి తెలియవు. ఊళ్లో వినేవాళ్లు మగవాళ్లు.

కెజీయా చేతిలో కొడవలి ఉంది. కోయాలంటే అత్తను లేపాలి. లేపితే దారిన వస్తున్న కొడుక్కీ, పెద్దలకూ కనిపిస్తుంది. ఇంకో దారి కూడా ఉంది. అది ఇంకా సులువు. అత్త చెయ్యి పట్టుకుని పెద్దల ముందుకు లాక్కొచ్చి, "నా చేను అడిగే ఈ మహానుభావుడు తల్లికి ముద్ద పెట్టడు, చూడండి" అంటే చాలు. హదారు మళ్లీ ఆ గట్టు తొక్కడు. చేను నిలుస్తుంది. ఎన్నో ఏళ్ల కసి కూడా తీరుతుంది.

ఆమె కొడవలి కింద పెట్టింది. అటు తిరిగింది. పైబట్ట విప్పి రెండు చేతుల మీదుగా పరిచి, మూలకు వీపు పెట్టి, వస్తున్న మగవాళ్లకు ఎదురుగా నిలబడింది.

పెద్దలు వచ్చారు. వాళ్ల ముందు హదారు.

"వదినా, పక్కకి జరుగు. పెద్దలు చూడాలి."

"చూస్తున్నారుగా. నున్నగా కోసిన చేను చూడమను. గీత గీసినట్టు వదిలిన మూల చూడమను. సత్తువ లేనివాళ్లు వదిలితే ఇంత తిన్నగా ఉంటుందా? అక్కడో గుప్పెడు, ఇక్కడో గుప్పెడు ఉంటుంది. ఇది నేను వదిలిన మూల."

హొగ్లా ఆమె ముఖం వైపు చూసింది. కెజీయా చూడలేదు.

"ఎందుకు వదిలావు?" అన్నాడు అందరిలోకీ పెద్దవాడు.

"లేనివాళ్లకి."

"మన ఊళ్లో లేనివాళ్లెవరమ్మా?" అన్నాడాయన నొచ్చుకుంటూ. ఊరి పరువు ఆయనదే మరి.

ఆమె వెనక కంకులు కదిలాయి.

"ఎవరో ఉన్నారు!" అన్నాడు హదారు. "దొంగలు! ఎవరు వాళ్లు?"

"నేను చూడను" అంది కెజీయా. "మీకు చూడాలని ఉంటే రండి. నేను అడ్డు తప్పుకుంటాను. ఒక్కటే మాట. వచ్చి చూసినవాళ్లు, ఎవరి ఇంటి ఆడవాళ్లో ఇక్కడే నిలబడి పేరు పెట్టి పిలవాలి. ఊరికి వినబడేలాగ."

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయనకు తన కోడలు మధ్యాహ్నం నుంచి ఇంట్లో లేదని గుర్తొచ్చింది. ఇంకొకాయనకు పొద్దున రొట్టె పల్చగా ఉందని తను గిన్నె విసిరిన సంగతి గుర్తొచ్చింది. పక్క ఊళ్లో ఇచ్చిన కూతురు పుట్టింటికి వచ్చి తిరిగి వెళ్లకపోవడం మూడో ఆయనకు గుర్తొచ్చింది. అడుగు ముందుకు వేసినవాడు ఒక్క హదారు.

అప్పుడు ఆమె వెనకనుంచి ఒక దగ్గు వినబడింది. చిన్నది, పొడిది, చివర ఈల వేసినట్టు సన్నటి శబ్దం ఉన్న దగ్గు.

హదారు ఆగిపోయాడు. చిన్నప్పుడు రోజూ ఆ దగ్గు వింటూ నిద్రపోయినవాడు అతను. వదిన ముఖంలోకి చూశాడు. ఆమెకు తెలుసని అతనికి తెలిసింది. ఇప్పుడు అంటుంది, ఇప్పుడు అంటుంది అని చూశాడు. ఆమె ఏమీ అనలేదు. చేతులు మాత్రం దించలేదు.

అతను వంగి తన కొడవలి పీక్కున్నాడు. "గీత తిన్నగానే ఉంది" అన్నాడు ఎటో చూస్తూ. "నేనే సరిగ్గా చూడలేదు."

పెద్దల ప్రాణం లేచొచ్చింది. కావాలని వదిలిన మూల సత్తువ లేమి కిందికి రాదని, చేను కెజీయాదేనని, అక్కడికక్కడే చెప్పేసి వెళ్లిపోయారు. వాళ్లంత వేగంగా తీర్పు చెప్పడం షెబారులో అంతకుముందెప్పుడూ జరగలేదట.

వాళ్లు మలుపు తిరిగేదాకా కెజీయా అలాగే నిలబడింది. వెనక గోడ సందులోంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయిన చప్పుడు విన్నది. చివరికి వీపు మీద, రెండు భుజాల నడుమ, ఒక ముడతలు పడిన అరచెయ్యి ఆనింది. కాసేపు అలాగే ఉంది. తరువాత తీసేసింది. కెజీయా అప్పుడు కూడా తిరిగి చూడలేదు.

మూలలో ఆడవాళ్లలో మిగిలింది సెరహు ఒక్కతే. "ఏమ్మా, ఇంత సన్నటి మనిషివి" అంది, "అంతమందిని ఎలా దాచావే?"

"నాదేముంది అవ్వా" అంది కెజీయా చేతులు విదిలించుకుంటూ. "పైబట్ట పెద్దది. మా అత్త నేసింది."

తిమ్నాకు ఆ సాయంత్రం నుంచి కొడుకు ఇంట్లో అందరితో పాటు కంచం వేశారని అంటారు. ప్రేమతో పెట్టారో భయంతో పెట్టారో ఎవరూ చెప్పలేదు. అన్నానికి ఆ తేడా తెలియదు. ఇదంతా కెజీయా చెప్పగా లోకానికి తెలిసింది కాదు. ఆమె చచ్చేదాకా చెప్పలేదు. తిమ్నా పోయాక, ఇక పోయే పరువు ఏమీ లేదని నిర్ధారించుకుని, సెరహవ్వ చెప్పింది. అమ్మ కలలో కనబడి చెప్పిందని కొందరు రాశారు. కలలో చెప్పే అలవాటు కెజీయాకు లేదు. చెప్పదలచుకుంటే మెలకువలోనే చెప్పేది.

కోతలయ్యేదాకా ఉండమన్న కుటుంబం కరువు తీరేదాకా ఉంది. ఇద్దో మూలగోడ పూర్తి చేశాడు గానీ, ఒక మనిషి దూరేంత సందు అందులో ఉంచేశాడు. అక్కడ ఉన్న పెద్ద బండ మీద, పని లేని రోజుల్లో ఉలితో ఏదో చెక్కుతూ ఉండేవాడు. ఒకనాడు కెజీయా వచ్చి చూసింది.

"ఇది నేనా?"

"మీరేనమ్మా."

"ముఖం ఏదయ్యా? ముక్కూ మూతీ లేకుండా ఇదేం చెక్కడం?"

"ఆ రోజు నేను ఈ గోడ పనిలోనే ఉన్నాను కదమ్మా" అన్నాడు ఇద్దో. "ఆడవాళ్లతో పాటు నేనూ మీ వెనకే ఉన్నాను. నేను చూసింది ఇదే."

కెజీయా చాలాసేపు చూసి, "జడ ఇంకాస్త పొడుగ్గా ఉంటుంది" అని మాత్రం అంది. అతను పొడుగు చేశాడు. ఇప్పటికీ చూడవచ్చు, జడ చివరి రెండు పాయలు తక్కిన పనికన్నా కొంచెం తరువాత చెక్కినట్టు తెలుస్తుంది.

బేత్లెహేములో మళ్లీ వానలు పడ్డాయని కబురొచ్చింది. వెళ్లాలి. వెళ్తే నేల ఉంది, విత్తనాలు లేవు. విత్తనాలు అడగడానికి హొగ్లాకు నోరు రాలేదు. ఇన్నాళ్లూ తిన్న ఇంట్లో పోతూ పోతూ ఇంకా చెయ్యి చాచడమా అని ఆమె బాధ. బయలుదేరే పొద్దున మూటలు కట్టుకుని వాకిట్లో నిలబడి, ఏవేవో మాట్లాడింది, ఆ మాట తప్ప.

కెజీయా గరిసె తలుపు బార్లా తీసింది. ఖాళీ సంచి ఒకటి హొగ్లా చేతిలో పెట్టింది. వాకిలి వైపు నడిచి, గరిసెకు వీపు పెట్టి నిలబడింది.

"కానీ" అంది. "నేను అటు తిరిగాను."

సంచి నిండుతున్న చప్పుడు వినబడింది. తరువాత ఏడుపు వినబడింది. ఏడుపు హొగ్లాదా తనదా అని కెజీయా కూడా పోల్చుకోలేదు. పోయేటప్పుడు హొగ్లా ఆమె వీపు మీద, రెండు భుజాల నడుమ చెయ్యి ఆనించింది. "అక్కా, వస్తాను" అంది. అప్పటిదాకా అమ్మా అని పిలిచిన మనిషి.

"మూల వదులు" అంది కెజీయా తిరగకుండానే. "అక్కడ మా వాళ్లు ఎవరైనా వస్తే."

అప్పటి నుంచి ఈ చేను మూల ఎవరూ కోయలేదు. రాజులు మారారు, మతాలు మారాయి, మోయాబు అన్న పేరే పటాల్లోంచి పోయింది. చేను ఎన్ని చేతులు మారినా మూల చేతులు మారలేదు. కోత చివరి రోజు ఇంటి ఇల్లాలు కొడవలి కింద పెట్టి, పైబట్ట పరుచుకుని, మూలకు వీపు పెట్టి నిలబడుతుంది. గోడ సందులోంచి ఎవరైనా రావచ్చు, ఒడి పట్టినంత తీసుకోవచ్చు. పేరు అడగరు, మతం అడగరు, ఎందుకు లేదని అడగరు. మొన్నటి కోతలప్పుడు యాత్రికుడొకాయన ఆ దృశ్యం ఫోటో తీయబోతే, ఉమ్ నిదాల్ చేతులు దించకుండానే అతన్ని తిట్టిన తిట్లు అనువాదం చేయడానికి మా గైడు ఒప్పుకోలేదు.

దర్శనానికి వచ్చేవారు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ అమ్మ సంతానం ఇస్తుందని, ఉద్యోగం ఇస్తుందని, మొగుడి తాగుడు మాన్పిస్తుందని మేము చెప్పం. అలా చెప్పి కానుకల పెట్టె పెట్టే ఉద్దేశం ఇక్కడివాళ్లకు లేదు. కొబ్బరికాయ కొట్టకండి, కొవ్వొత్తి వెలిగించకండి, ఎండిన పైరు పక్కన నిప్పు మంచిది కాదు. తోచినవాళ్లు గుప్పెడు గింజలు తెచ్చి మూలలో చల్లండి. అవసరమైనవాళ్లు తీసుకోండి. రెండూ ఒకే మనిషి చేసినా తప్పు లేదు. హొగ్లా రెండూ చేసింది.

వెళ్లే ముందు అందరూ చేసే పని మాత్రం ఒకటి ఉంది. బండ దగ్గరికి పోయి, అమ్మ రెండు భుజాల నడుమ అరచెయ్యి ఆనించి, ఒక్క క్షణం అలా ఉంచుతారు. వేల ఏళ్ల అరచేతులకు అక్కడ రాయి అరిగి చిన్న గుంట పడింది. పొద్దంతా ఎండ తిన్న బండ కనుక సాయంత్రం వరకూ ఆ గుంట వెచ్చగానే ఉంటుంది. చెయ్యి సరిగ్గా అమరుతుంది.

మీరూ ఆనించండి. ఏం అడగాలో తోచకపోతే అడగకండి. అమ్మ అలగలేదు. మీరు తీసుకునేది చూడకుండా, మిమ్మల్ని ఎవరూ చూడకుండా, కాపలా ఉంది.